పచ్చిగా ఉన్నప్పుడే పడే రంధ్రం

అనంతపురం పల్లెల్లో మజ్జిగ చిలికే మట్టికుండను దగ్గరగా చూస్తే రెండు వేర్వేరు శాస్త్రాలు ఒకేచోట కనిపిస్తాయి. కుండలో ఉన్నది ఎమల్షన్. నీటిలో కలవని కొవ్వు సన్నటి బొట్లుగా చెదిరి ఆ నీటిలోనే నిలబడి ఉంటుంది. పాలలో ఆ బొట్టు వ్యాసం సగటున 3, 4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కుండ గోడ సంగతి వేరు. అది కాలిన మట్టి, అంటే సిరామిక్. దానిలో కంటికి ఆనని రంధ్రాలు ఉండబట్టే నీరు చెమ్మగా బయటికి ఊరి, ఆవిరై, మండే ఎండల్లో కూడా లోపలి నీళ్లను చల్లగా ఉంచుతుంది. కడప బండ మీద పోసిన నీళ్లు జారిపోతాయి, కుండ మీద పోసినవి ఇంకిపోతాయి. రెండూ గట్టి పదార్థాలే. తేడా అంతా లోపలి ఖాళీలో ఉంది.

రంధ్రాలున్న సిరామిక్ సూక్ష్మగోళాల తయారీలో ఈ రెండూ కలిసిపోతాయి. అక్కడ బొట్టే గోడ అవుతుంది. ద్రవరూపంలో ఉన్న పాలిమర్‌ను, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థాన్ని, నీటిలో బొట్లుగా చెదరగొట్టి, బొట్టును బొట్టుగానే గట్టిపరిచి, ఆ తర్వాత కొలిమిలో కాల్చి సిరామిక్ చేస్తారు. చివరికి చేతికొచ్చేవి వెంట్రుక మందం ఉండే గుండ్రటి పూసలు, లోపలంతా స్పాంజిలాంటి ఖాళీ.

ఇది వింటే కొలిమే అసలు పని అనిపిస్తుంది. కానీ రంధ్రం ఎంత పెద్దది, పక్క రంధ్రంతో కలుస్తుందా, పూస పైకి తెరుచుకుంటుందా అన్నవి పదార్థం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే తేలిపోతాయి. ఆ తర్వాత నిప్పు ఆ ఖాళీని కాపాడుతుంది, లేదంటే పూడుస్తుంది. ఇది కుమ్మరికి ఏనాడో తెలిసిన సంగతి. మట్టిలో ఊక కలిపితే కాలేటప్పుడు ఊక పోయి దాని చోటు మిగులుతుంది. పిసికేటప్పుడు ఊక వేయడం మరిచిపోతే, ఆవంలో ఎంతసేపు కాల్చినా ఆ రంధ్రం రాదు.

పాలిమర్ అనగానే ప్లాస్టిక్ గుర్తొస్తుంది. ప్లాస్టిక్‌ను కాలిస్తే పొగ, మసి తప్ప ఏముంటుంది అన్న ప్రశ్న సహజం. ఇక్కడ వాడే పాలిమర్లు వేరే జాతి. వాటి వెన్నెముకలో కార్బన్‌కు బదులు, లేదా కార్బన్‌తో పాటు, సిలికాన్ ఉంటుంది. గాలి తగలకుండా ఆర్గాన్‌లోనో నైట్రోజన్‌లోనో 1000 డిగ్రీల దాకా వేడిచేస్తే హైడ్రోజన్, మీథేన్ లాంటి వాయువులు వెళ్లిపోయి, మిగిలిన అస్థిపంజరం సిరామిక్‌గా స్థిరపడుతుంది. పాలీసైలాక్సేన్ నుంచి సిలికాన్ ఆక్సీకార్బైడ్ వస్తుంది, పాలీసిలజేన్ నుంచి సిలికాన్ కార్బోనైట్రైడ్. ఈ దారిని ప్రపంచానికి గట్టిగా చూపించినవాడు జపాన్ శాస్త్రవేత్త సెయిషి యజిమా. 1975లో ఆయన పాలీకార్బోసిలేన్‌ను దారంగా తీసి, కాల్చి, సిలికాన్ కార్బైడ్ దారం తయారుచేశాడు. మామూలు పద్ధతిలో సిలికాన్ కార్బైడ్‌ను దారంలా లాగడం కుదరదు. పాలిమర్‌గా ఉన్నప్పుడు లాగేసి తర్వాత కాల్చడమే ఆయన ఎత్తు.

దారమే ఎందుకు, పెద్ద దిమ్మ ఎందుకు కాదు? ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవాలి. పాలిమర్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.05 గ్రాములు. సిలికాన్ ఆక్సీకార్బైడ్‌ది 2.2 గ్రాముల చుట్టూ ఉంటుంది. మంచి పాలిమర్ అయితే కాల్చాక బరువులో 85 శాతం మిగులుతుందనుకుందాం. అప్పుడు ఘనపరిమాణంలో మిగిలేది దాదాపు 40 శాతమే. అంటే 100 మైక్రాన్ల పూస 74 మైక్రాన్లకు కుంచించుకుపోతుంది. అలా కుంచించుకుపోతూనే లోపలి వాయువులను బయటికి పంపాలి. పెద్ద దిమ్మ అయితే వాయువులకు దారి దొరకదు. చెరువు ఎండినప్పుడు, లేదా కర్నూలు నల్లరేగడిలో మే నెలలో చూసినట్టు, నెర్రెలు విచ్చుకుంటాయి. ఒక వాయువు బయటికి రావడానికి పట్టే కాలం అది నడవాల్సిన దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 5 మిల్లీమీటర్ల దూరంతో పోలిస్తే 50 మైక్రాన్ల దూరం 100 రెట్లు తక్కువ, పట్టే కాలం 10,000 రెట్లు తక్కువ. దిమ్మను పగలగొట్టే గుణమే పూసను ఏమీ చేయలేకపోవడానికి కారణం ఇదే. ఈ పాలిమర్లకు పూస రూపం బలవంతంగా తొడిగింది కాదు, వాటి ఒంటికి సరిపోయిన రూపం.

ఇక బొట్టు దగ్గరికి వద్దాం. 100 మిల్లీలీటర్ల పాలిమర్ ద్రవాన్ని 10 మైక్రాన్ల బొట్లుగా విడగొడితే పుట్టే మొత్తం ఉపరితలం 60 చదరపు మీటర్లు. మన లెక్కలో దాదాపు ఒకటిన్నర సెంటు, అంటే ఒక చిన్న ఇంటిస్థలం. టీ గ్లాసు నిండా పట్టే ద్రవం అంత విస్తీర్ణాన్ని కప్పుకుని కూర్చోవడం ప్రకృతికి ఇష్టం ఉండదు. బొట్లు మళ్లీ కలిసిపోయి ఉపరితలం తగ్గించుకోవాలని చూస్తాయి. కవ్వం తిప్పితే వెన్న తేలడం కూడా కొవ్వు బొట్ల పైపొర చిరిగి, ఒకదానికొకటి అతుక్కోవడం వల్లే. ఎండాకాలంలో చిలికేటప్పుడు చల్లనీళ్లు పోస్తారు, లేకపోతే కొవ్వు మెత్తబడి వెన్న ముద్దకట్టదు. మజ్జిగ చిలికేవాళ్లు ఎమల్షన్‌ను పగలగొట్టాలనుకుంటారు, పూసలు చేసేవాళ్లు దాన్ని నిలబెట్టాలనుకుంటారు. పని తలకిందులే గానీ తెలియాల్సిన విషయం ఒక్కటే.

నిలబెట్టడానికి వాడేది సబ్బులాంటి సర్ఫాక్టెంట్, లేదా పాలీవినైల్ ఆల్కహాల్ లాంటి నీటిలో కరిగే పాలిమర్. ఇవి బొట్టు చుట్టూ పొరలా చేరి, నూనెకూ నీటికీ మధ్య తలతన్యతను తగ్గిస్తాయి, పక్క బొట్టును దగ్గరికి రానివ్వవు. అయినా చిన్న బొట్టు లోపల ఒత్తిడి ఉంటూనే ఉంటుంది. తలతన్యత మీటరుకు 5 మిల్లీన్యూటన్లకు దిగినా, 10 మైక్రాన్ల బొట్టులో ఆ అదనపు ఒత్తిడి 20 సెంటీమీటర్ల నీటి స్తంభానికి సమానం. 1 మైక్రాన్ బొట్టులో దానికి పది రెట్లు. అందుకే చిన్న బొట్లలోని పదార్థం మెల్లగా నీటి గుండా పెద్ద బొట్లలోకి చేరిపోతూ ఉంటుంది. ఎమల్షన్ చేసి పక్కన పెట్టేసి భోజనానికి వెళ్లివచ్చేసరికి కొలతలు మారిపోయి ఉండొచ్చు.

ల్యాబులో పని ఇలా సాగుతుంది. గాజు బీకరులో పాలీవినైల్ ఆల్కహాల్ కరిగించిన నీళ్లు, మీద తిరిగే స్టిర్రర్. అందులోకి పాలీసైలాక్సేన్, దానికి కొద్దిగా ప్లాటినం ఉత్ప్రేరకం. తిప్పడం మొదలుపెట్టిన కాసేపటికే బీకరు పాలలా తెల్లబడుతుంది. మామూలు స్టిర్రర్‌తో పదుల నుంచి వందల మైక్రాన్ల బొట్లు వస్తాయి, బొట్లను ఇంకా సన్నగా చీల్చే యంత్రం హోమోజినైజర్ వాడితే కొన్ని మైక్రాన్లకు దిగుతాయి. తర్వాత 60, 70 డిగ్రీల వేడి. లోపల పాలిమర్ గొలుసులు ఒకదానికొకటి ముడిపడడం మొదలవుతుంది. అసలు టెన్షన్ ఇక్కడే. బొట్టు ద్రవంగా ఉన్నంతసేపూ రెండు బొట్లు కలిసినా స్టిర్రర్ మళ్లీ విడగొడుతుంది. పూర్తిగా గట్టిపడ్డాక ఢీకొన్నా అంటుకోవు. ఈ రెండింటికీ మధ్య బెల్లం తీగపాకంలా జిగురుగా ఉండే దశ ఒకటుంది. ఆ దశలో కలిసిన బొట్లు మళ్లీ విడిపోవు. అప్పుడు స్టిర్రర్ ఆగినా, నెమ్మదించినా బీకరు అడుగున సగ్గుబియ్యంలాంటి పూసలకు బదులు ఒక ముద్ద మిగులుతుంది. కరెంటు పోవడానికి అంతకంటే చెడ్డ సమయం ఉండదు. ఈ పని చేసే ల్యాబులో స్టిర్రర్‌కు ఇన్వర్టర్ పెట్టుకోవడం ఖరీదైన కొలిమి కొనడం కంటే ముందు చేయాల్సిన పని.

ఇంతవరకు వచ్చింది నిండుగా ఉండే పూస. రంధ్రాలు కావాలంటే బొట్టు లోపల ఇంకోటి చోటు పట్టుకుని, సమయం వచ్చినప్పుడు వెళ్లిపోవాలి. కుమ్మరి ఊకలాగే. అందుకు దారులు చాలా ఉన్నాయి. పాలిమర్‌లో టాల్వీన్ లాంటి ద్రావణి కలిపితే, గొలుసులు ముడిపడేకొద్దీ అది ఇముడలేక విడిపోయి సన్నటి దారుల్లా మిగులుతుంది. ఆరబెట్టినప్పుడు ఆ దారులే రంధ్రాలు. వేడికి ఆవిరయ్యే ప్లాస్టిక్ గుళికలు కలపడం ఇంకో దారి. అన్నిటికంటే ఆసక్తికరమైనది ఎమల్షన్ లోపల ఎమల్షన్. నీటి బొట్లను పాలిమర్‌లో చెదరగొట్టి, ఆ పాలిమర్‌ను మళ్లీ నీటిలో చెదరగొడతారు. ప్రతి పాలిమర్ బొట్టు కడుపులోనూ పదుల కొద్దీ నీటి బొట్లు ఉంటాయి.

ఇక్కడ ఉప్పు కీలకం. మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే నీరు ఊరి బయటికొస్తుంది కదా, అదే సూత్రం. బయటి నీటిలో ఉప్పు ఎక్కువైతే లోపలి బొట్లు వాడిపోతాయి. లోపల ఎక్కువైతే బయటి నీరు లోపలికి చొరబడి బొట్టు ఉబ్బి పగులుతుంది. రెండువైపులా సమంగా ఉంటేనే అనుకున్న కొలత నిలుస్తుంది. లోపలి బొట్లన్నీ కలిసిపోయి ఒకటే పెద్ద బొట్టయితే రంధ్రాల పూసకు బదులు బోలు గుండ్రాయి వస్తుంది. కొన్ని పనులకు అదే కావాలి, నీటిని వడకట్టడానికి మాత్రం పనికిరాదు.

లోపలి నీటి పాళ్లు ఎంత ఉండాలన్నదానికి అనంతపురం మార్కెట్‌కు వచ్చే చీనీకాయలే మంచి ఉదాహరణ. ఒకే సైజు కాయలను ఎంత నేర్పుగా పేర్చినా అవి ఆక్రమించేది 74 శాతమే, మిగతాది సందులు. నీటి బొట్లు కూడా అంతే. 74 శాతం దాకా గుండ్రంగానే సర్దుకుంటాయి. అంతకు మించి పోస్తే ఒకదాన్నొకటి నొక్కుకుని దానిమ్మ గింజల్లా పలకలు తేలతాయి, మధ్యలో పాలిమర్ పలుచని పొరగా మాత్రమే మిగులుతుంది. గట్టిపడేటప్పుడు ఆ పలుచని చోట్ల పొర చిరిగి కిటికీలు తెరుచుకుంటాయి. అలా ఒక గది నుంచి ఇంకో గదికి దారి ఏర్పడుతుంది. మూసుకుపోయిన రంధ్రాలు ఎన్ని ఉన్నా నీటికి పనికిరావు. వాటివల్ల పూస తేలికవుతుంది తప్ప లోపలి గోడలు ఎవరికీ అందవు. కిటికీలు పడ్డ పూసలో కూడా బయటి చర్మం మూసుకుపోయే ప్రమాదం ఉంది. సర్ఫాక్టెంట్ అంతా అక్కడే చేరడం వల్ల లోపల తేనెతుట్టెలా ఉన్న పూస బయట నున్నగా మెరుస్తూ కనిపించవచ్చు. అందుకే పూసను సగానికి పగలగొట్టి లోపల చూసిన ఫొటో ఒక్కటే చూసి సంతోషపడకూడదు. పైచర్మం ఫొటో కూడా అడగాలి.

ఆరబెట్టడం చాలామంది తేలిగ్గా తీసుకునే దశ. 100 నానోమీటర్ల (మైక్రాన్‌లో పదో వంతు) రంధ్రంలో నీరు ఆరేటప్పుడు గోడలను లోపలికి లాగే ఒత్తిడి దాదాపు 29 వాతావరణ పీడనాలకు సమానం. ఇంకా మెత్తగా ఉన్న పాలిమర్ గోడ దాన్ని తట్టుకోలేదు. నీటిని ముందుగా ఇథనాల్‌తో మార్చి ఆరబెడితే ఆ లాగుడు మూడో వంతుకు తగ్గుతుంది. ఖర్చు పెద్దగా లేని జాగ్రత్త ఇది. దీన్ని వదిలేసి, రంధ్రాలు కొలిమిలో పూడిపోయాయని అనుకుంటే నింద తప్పు చోట పడినట్టే.

కొలిమిలో మాత్రం నిప్పు తన వంతు పని చేస్తుంది. సైలాక్సేన్ పూసల్లో 600 డిగ్రీల దగ్గర వాయువులు వెళ్లేటప్పుడు అతి సన్నటి రంధ్రాలు కొత్తగా పుడతాయి. ఆ వేడి దగ్గరే ఆపితే అవి ఉంటాయి, 800 దాటితే చాలావరకు మూసుకుపోతాయి. ఎమల్షన్ ఇచ్చిన పెద్ద రంధ్రాలు మాత్రం కుంచించుకుపోయినా నిలబడతాయి. అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, పూసల్లో ఈ బేరం మరీ స్పష్టం. 500 డిగ్రీల దగ్గర వచ్చే గామా అల్యూమినాలో గ్రాముకు 200 చదరపు మీటర్ల దాకా ఉపరితలం ఉంటుంది. గట్టిదనం కోసం 1200 దాకా తీసుకెళ్తే ఆల్ఫా అల్యూమినా అనే వేరే స్ఫటిక రూపంగా మారి, ఆ ఉపరితలం పది కంటే తక్కువకు పడిపోతుంది. ఎక్కువ కాల్చిన కుండ నీళ్లను చల్లబరచదని పెద్దవాళ్లు అనేది ఇదే.

ఉపరితలం గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, రంధ్రాలు లేని 100 మైక్రాన్ల సిరామిక్ పూసలు ఒక గ్రాము తీసుకుంటే వాటి మొత్తం ఉపరితలం 270 చదరపు సెంటీమీటర్లు, చిన్న పళ్లెం అంత. 200 చదరపు మీటర్లంటే దాదాపు 5 సెంట్లు. ఉత్ప్రేరకాలను మోసే పనికీ, ఎముక లోపాలను పూడ్చే హైడ్రాక్సీఅపటైట్ పూసలకూ, రసాయనాలను వేరుచేసే, సిలికా నింపిన గొట్టాలకూ ఈ గుణమే కావాలి. రాయలసీమకు మాత్రం ఇందులో దగ్గరి విషయం ఒకటుంది, ఫ్లోరైడ్.

అనంతపురంలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. లోతైన బోర్లు గ్రానైట్, దానిలాంటి నైస్ అనే గట్టి రాళ్ల సందుల్లోంచి నీరు తెస్తాయి. ఆ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరుగుతుంది. నీటిలో కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ ఉన్నచోట మరీ ఎక్కువగా కరుగుతుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద గోధుమ మచ్చలు, తర్వాత వంగని నడుములు, చాపలేని మోకాళ్లు. ఈ బాధ చూసినవాళ్లకు దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఫ్లోరైడ్‌ను పట్టుకోవడంలో యాక్టివేటెడ్ అల్యూమినాకు, అంటే రంధ్రాలు ఎక్కువగా ఉండే అల్యూమినాకు, మంచి పేరుంది. కాబట్టి ఈ పనికి సిలికాన్ ఆక్సీకార్బైడ్ పూసలు చేయడం దండగ. ఖరీదైన పాలిమర్, ప్లాటినం, ఆర్గాన్ అన్నీ పెట్టి ఫ్లోరైడ్‌కు ప్రత్యేకమైన ఆకర్షణ లేని పదార్థం తయారుచేసినట్టవుతుంది. అల్యూమినా పూసలకు గాలిలో కాలే మామూలు ఫర్నేసు చాలు. పరిశ్రమ ఎప్పటినుంచో వాడే దారి ఒకటుంది. అల్యూమినా సోల్‌లో (నీటిలో అతి సన్నటి రేణువులు తేలుతుండే ద్రవం) హెక్సామీన్ అనే రసాయనం కలిపి వేడి నూనెలోకి బొట్లుగా వదులుతారు. వేడికి హెక్సామీన్ విడిపోయి అమ్మోనియా పుట్టి, బొట్టు లోపలి నుంచే గడ్డకడుతుంది. లేదా సోడియం ఆల్జినేట్‌లో అల్యూమినా పొడి కలిపి, కాల్షియం క్లోరైడ్ నీటిలోకి సిరంజితో వదలొచ్చు. పూసలు 2, 3 మిల్లీమీటర్లు వస్తాయి గానీ, ఇది డిగ్రీ కాలేజీ ల్యాబులో కూడా చేయొచ్చు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పాలిమర్ శాస్త్ర విభాగం, జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ రెండూ ఉన్నాయి. బొట్టు తెలిసినవాళ్లూ కొలిమి తెలిసినవాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చోవాల్సిన పని ఇది.

పూస సైజు విషయంలో తొందర కూడదు. చిన్న పూస లోపలికి ఫ్లోరైడ్ త్వరగా చేరుతుంది. కానీ పూసల మధ్య నీరు పారడానికి పడే అడ్డు, వ్యాసం వర్గానికి విలోమంగా పెరుగుతుంది. 50 మైక్రాన్ల పూసలు నింపిన ఫిల్టర్‌లో నీటిని నెట్టడానికి, 500 మైక్రాన్ల పూసలకంటే 100 రెట్లు ఒత్తిడి కావాలి. ఊరి ట్యాంకు ఎత్తు అంత ఒత్తిడి ఇవ్వలేదు. ఎమల్షన్ విలువ ఇక్కడ బయటపడుతుంది. పూస 500 మైక్రాన్లే ఉండనిచ్చి, లోపల మైక్రాన్ సైజు పెద్ద రంధ్రాలను రోడ్లుగా, అల్యూమినా రేణువుల మధ్య నానోమీటర్ల సందులను ఇళ్లుగా పెట్టొచ్చు. ఫ్లోరైడ్ రోడ్డు మీదుగా వేగంగా వచ్చి, సందులోకి కొన్ని మైక్రాన్లు మాత్రమే నడిస్తే చాలు. పూస పెద్దదే, దూరం మాత్రం చిన్నది.

ఇలాంటి పూసలను పరీక్షించేటప్పుడు డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి అందమైన అంకెలు తెచ్చుకోవడం చాలా సులువు. అల్యూమినా పీహెచ్ 5, 6 మధ్య బాగా పనిచేస్తుంది. అనంతపురం బోరునీళ్లు సాధారణంగా క్షారం వైపు ఉంటాయి, బైకార్బొనేట్ కూడా పూస గోడల మీద చోటు కోసం ఫ్లోరైడ్‌తో పోటీపడుతుంది. అందుకే మొదటి రోజు నుంచే ఊరి బోరునీళ్లతోనే కాలమ్ (పూసలు నింపిన గొట్టం) నడపాలి. పూస నిండిపోయాక కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లంతో సరిచేసి మళ్లీ వాడతారు. ఎన్నిసార్లు కడిగినా పూస పొడి రాలకుండా నిలబడుతుందా అన్నది రంధ్రాల శాతం కంటే ముందు రాసుకోవాల్సిన అంకె. కడిగిన నీళ్లలో ఫ్లోరైడ్ చిక్కగా చేరి ఉంటుంది. దాన్ని పక్క వంకలో పోస్తే మళ్లీ అదే బోరులోకి దిగుతుంది. సున్నం కలిపి కాల్షియం ఫ్లోరైడ్‌గా దింపి, ఆ మడ్డిని నీరు తగలని చోట ఉంచే ఏర్పాటు ఫిల్టర్‌తో పాటే ఊరికి చేరాలి.